గోడ దుంకిన టర్కీ పుంజు

"అవ్వా, గా ఫాంహౌస్ల పని ఎందుకిడిసిపెట్టినవ్? ఊర్లె తలో తీరు చెప్తున్రు. నువ్వే చెప్పు, ఫోన్ల రికార్డ్ చేస్త."

పెట్టినవా? పడుతున్నదా గొంతు? మంచిది. గట్టిగనే మాట్లాడ్త, ఎవల ముంగటనన్న పెట్టి ఇనిపియ్యి. ముందుగాల ఒక్క మాట. నన్ను ఎవ్వరు ఎల్లగొట్టలే బిడ్డ. నేనే ఒచ్చిన.

అజీజ్‌నగర్ల గా ఫాంహౌస్ ఉన్నది గద, పెద్ద గేటు, లోపల ఈత కొట్టే హౌజు. గా జాగల నేను పెండ్లయిన కొత్తల జొన్న కోతకు కూలికి పోయిన. ఇప్పుడు గాడ గడ్డి పెంచుతున్రు, ఏ పసురం మెయ్యని గడ్డి, దానికి రోజు నీళ్లు. సరే, గది వేరే ముచ్చట. మీ తాత పోయినంక మన ఊరు హిమాయత్‌నగర్ల ఇంట్ల ఒక్కదాన్నే గోడలు సూసుకుంట ఏం కూసుండాలె అని గాడ కోళ్లను సూసే పనికి కుదిరిన. పొద్దుగాల షేర్ ఆటోల పోవుడు, మాపటికి వచ్చుడు. నాటుకోళ్లున్నయి, గిన్నెకోళ్లున్నయి, ఇగ నాలుగు టర్కీ పెట్టలు, రెండు పుంజులు. సీమకోడి అంటరు సూడు, గదే. మెడకు ఎర్ర తోలు ఏలాడుతది, ఉషారొస్తె తలకాయ నీలమైతది. నెమలి లెక్క తోక ఇప్పుతది గని అంత సోకు లేదు పాపం.

హోలి పోయి, ఏప చెట్లు పూతకొచ్చే దినాలు. గప్పుడు పుంజులకు మదమెక్కుతది. పొద్దంత తోకలిప్పుకొని, రెక్కలు నేలకు రాసుకుంట, పెట్టల ముంగట తిరుగుడే. గుబగుబగుబ అని ఒకటే ఒర్లుడు. రెండు పుంజులు ఒక్క దొడ్ల ఉంటె కొట్లాట గాకుంటదా? పెద్దది చిన్నదాన్ని పట్టుకొని నెత్తి మీద, మెడ మీద పొడిసి నెత్తురు కార్పిచ్చింది. నడుమ ఇనుప తీగల జాలి కొట్టి ఏరు చెయ్యుర్రి అని మేనేజర్‌కు రెండు సార్లు చెప్పిన. సూద్దాం అవ్వా అన్నడు. గా జాలి ఇప్పటిదాంక రాలే.

ఒక సోమవారం పొద్దుగాల పోయి సూస్తె చిన్న పుంజు లేదు. గోడ పొంటి రెండు ఈకలు పడ్డయి, గోడ మీద రెట్ట ఉన్నది. దుంకి పోయిందని ఎవ్వలకైన ఎర్కయితది.

మేనేజర్ వచ్చిండు. పట్నం పిలగాడు, మోటర్ సైకిల్ మీద వస్తడు, నల్లద్దాలు తియ్యడు. తోటమాలిని, వాచ్‌మన్‌ను, వంటజేసే యాదమ్మను, నన్ను, అందరిని వరుసగ నిలవెట్టిండు. టర్కీ ఎగురుతదా అవ్వా అన్నడు. ఎగురుతది, గోడంత ఎగురుతది అన్న. నవ్విండు. నవ్వి ఏమన్నడో ఎర్కేనా.

"మీ పండుగ దగ్గర పడ్డది గద. కోడి మీ ఇంటి కూర గంజుల పడ్డదేమో."

నువ్వు చెప్పు బిడ్డ. శ్రమదినాలు నడుస్తున్నయి. ఈస్టర్ దాంక నలభై దినాలు నేను నీసు ముట్ట, మీ తాత ఉన్నప్పటికెళ్లి గంతే. గా మాట చెప్తె, గందుకే పండుగకు దాసిపెట్టినవ్ అన్నడు. అంటె తిన్నా దొంగనే, తినకున్నా దొంగనే. జిందగీల ఒకల చేన్ల కంకి ఇరవలే నేను. తప్పయిందని కాయిదం మీద ఏలుముద్ర పెట్టు, సారుకు చెప్పి పనిల ఉంచుత అన్నడు. సారంటె ఫాంహౌస్ ఆయన, శనివారం శనివారం వస్తడు. నాకు సంతకం పెట్టొస్తదని గుడ ఆనికి తెల్వదు.

"ఏలుముద్ర పెట్ట. సారు వచ్చేలోపల కోడిని తెచ్చి నీ ముంగట నిలవెడ్త," అన్న.

అనుడైతె అన్న. ఎట్ల పడ్తవక్క అని యాదమ్మ అడిగింది. మా బాపు ఎవలనుకున్నవే అన్న. మా బాపు బిడ్డ, నువ్వు సూడలే, చేవెళ్లకు మొయినాబాద్‌కు నడుమ ఏ బీడుల ఎన్ని కౌజు పిట్టలున్నయో ఏళ్ల మీద చెప్పేటోడు. ఒక పెంపుడు కౌజు పుంజు ఉండె. దాని పంజరం నేను మోసేది, బాపు ముంగట, నేను ఎనక. పంజరం బీడుల పెట్టి చుట్టు గుర్రపు తోక ఎంటికలతోని ఉచ్చులు పన్నుతుండె. మన పుంజు కూస్తె బీడుల ఉన్న పుంజుకు రోషమొస్తది, నా జాగల ఇంకొకడేంది అని కొట్లాటకు ఉరుకొస్తది, కాలు ఉచ్చుల పడ్తది. సంతల జోడుకు రూపాయిన్నర. కాదు, రూపాయి. రూపాయిన్నర నేను పెద్దమనిషైనంక. ఇప్పుడు గవి పట్టొద్దు, సర్కారు కానూను. మంచిదే, జరన్ని మిగిలినయి. ఆడపిల్లనని బాపు నాకు కూత నేర్పలే. ఇనుకుంట నేనే నేర్చుకున్న. పిట్ట కూత, పుంజు కూత, ఏదైన ఇప్పటికి నా నోట్లె పలుకుతది.

ఫాంహౌస్ ఎనక ప్లాట్లకని రాళ్లు పాతిన బీడున్నది, ఇండ్లు లేవు, తుమ్మ, తంగేడు, ముండ్ల కంప. మాపటిదాంక గాడనే తిరిగిన. గొర్లు కాసేటాయన, నల్లగ పెద్ద పిట్ట, నెమలేమో అనుకున్న అన్నడు. నా పానం లేచొచ్చింది. మంగళవారం పొద్దుగాల ఒక ఆటో రోడ్డు మీద హారన్ కొట్టింది సూడు, బీడు నడుమకెళ్లి గుబగుబగుబ అని జవాబొచ్చింది. గా పిట్టకు గదో పిచ్చి, గట్టి సప్పుడు ఇంటె ఒర్లకుంట ఉండది. దొరికినట్టే అనుకున్న. తంగేడు చెట్టు సాటుకు కూసుండి పుంజు కూత కూసిన, రోషం పుట్టేటట్టు. ఒక్కసారి పలికింది. ఇంకింత గట్టిగ కూసిన. ఊకున్నది. ఎదురుసూసి ఎదురుసూసి నడుము పట్టుకపోయింది గని మళ్ల పలుకలే.

బుధవారం ఉచ్చులు పన్నిన. గుర్రపు ఎంటికలు ఏడ దొరుకుతయి, చేపల గాలం దారం తెచ్చిన. గింజలు సల్లి దూరంగ కూసుండి మళ్ల పుంజు కూతనే. పగటేల్ల ఒక ఉచ్చు కొట్టుకుంటున్నది, ఉరికిపోయి సూస్తె కౌజు పిట్ట. ఇన్నేండ్లకు నా శేతిల కౌజు పిట్ట, దాని గుండె టకటక కొట్టుకుంటున్నది. మేనేజర్ సూస్తె గిదొక కేసు. ఎంబడే ఇడిసిన. ఇడిసినంక గది కూసుకుంట పోతె జర నవ్వొచ్చింది, అబద్దమెందుకు.

బేస్తారం నవ్వు రాలే. తుమ్మల పొంటి కుక్కలు తిరుగుతున్నయి, కంపకు నల్లీకలు చిక్కుకున్నయి, ఒక పిడికెడు. ఇగ అయిపోయింది, కుక్కలు తిన్నయి అనుకున్న. రాయి మీద కూసుండి ఏడ్సిన బిడ్డ. కోడి కోసం కాదు, గది ఎన్నడన్న కోసుక తినేదే. రేపు చర్చికి శుక్రవారం ప్రార్థనకు పోతె అందరు నా దిక్కే సూస్తరు, మీ తాత పేరు తీస్తరు, గా మనిషి పెండ్లాం ముసలితనంల కోడి దొంగతనం చేసిందట అంటరు.

గప్పుడు యాదమ్మ సద్ది తెచ్చింది. ఏడుపుగొట్టు మొఖం సూసి, ఎట్ల పిలుస్తున్నవక్క, ఒక్కసారి కూసి సూపియ్యి అన్నది. పుంజు కూత కూసిన. పడి పడి నవ్వింది.

"తన్నులు తిని పారిపోయినోన్ని మళ్ల కొట్లాటకు రమ్మంటవేందక్క? ఎవడొస్తడు?"

సూడు, నా తెలివి. కౌజు పుంజుకు రోషం. దానికి బాపు ఇకమతు, గా ఉపాయం, పనికొచ్చింది. గీ పుంజుకు రోషం ఏడున్నది, నెత్తి పలిగి గోడ దుంకింది పాపం. నేను కూసినప్పుడల్ల, అగో పెద్దోడు ఈడికి గుడ వచ్చిండు అని ఇంకింత దూరం ఉరికింది. మూడు దినాల సంది నేనే తోల్తున్న దాన్ని.

ఇగ ఒక్కటే తొవ్వ. పెట్టను తీస్కపోవాలె. పెట్ట కూత నా నోటికెళ్లి రాదా అంటె వస్తది, గని కండ్లకు పెట్ట కనపడకపోతె గంత బెదిరిన పుంజు దగ్గరికి రాదు. అంటె ఏంది? దొంగ అని పేరు పడ్డదాన్ని, ఇంకొక కోడిని గంపల పెట్టుకొని గేటు దాటాలె. మేనేజర్ సూసిండంటె కాయిదం గాదు, పోలీసోల్లకే ఫోను. వద్దక్క అన్నది యాదమ్మ. వద్దంటె ఎట్ల, ఉత్తగనే దొంగనైన, పని చేసే దొంగనైత అన్న.

శుక్రవారం పగటేల్ల మేనేజర్ బువ్వకు కూసున్నడు. యాదమ్మ కూర ఎక్కువ ఏసి కూసోవెట్టింది, మళ్ల పెరుగు, మళ్ల పచ్చడి. వాచ్‌మన్ అటు మొఖం తిప్పిండు, మంచోడు. నేను గంపల పెట్ట, మీద గొంగడి, ఎనక గేటుకెళ్లి ఎల్లిన. బీడు నడుమ దిబ్బ మీద, సందులకెళ్లి పెట్ట కనపడేటట్టు గంప బోర్లిచ్చి చుట్టు ఉచ్చులు పన్నిన, దారం కొస నా శేతికి చుట్టుకున్న. కంప సాటుకు కూసున్న. పెట్ట జరసేపు ఊకున్నది, ఎనక మొదలు పెట్టింది, ట్యావ్ ట్యావ్ అని. ఎండ మండుతున్నది. ప్రార్థన ఆడ నడుస్తుండొచ్చు, నా ప్రార్థన గాడనే చేసుకున్న.

సప్పుడు లేకుంట వచ్చింది బిడ్డ. ఒర్లలే, ఏం లే. తుమ్మ సాటుకెళ్లి నీలం తలకాయ ముందు ఎల్లింది. అటు సూసింది, ఇటు సూసింది, పెద్దోడు లేడని నమ్మకమైనంక తోక ఇప్పింది. ఈకలు సగం పీక్కపోయినయి, అయినా ఇప్పింది. గంప చుట్టు ఒక్క సుట్టు తిరిగింది, రెండో సుట్టుకు కాలు ఉచ్చుల పడ్డది. నేను గుంజిన, గది నన్ను గుంజింది. రెక్కతోని కొడితె కట్టె తోని కొట్టినట్టె, ఇగో మోచేతి మీద సూడు, నల్లమచ్చ ఇప్పటికున్నది. గొంగడి మీదేసి మీద పడ్డ. అరవై ఎనిమిదేండ్ల ముసల్దాన్ని, సీమకోడి మీద బోర్ల పడి అల్లెలూయా అంటున్న. ఎవలన్న సూస్తె పిచ్చిదనుకుందురు.

ఎనక గేటుకెళ్లి పోలే నేను. నెత్తి మీద పెట్ట, సంకల పుంజు, చేవెళ్ల రోడ్డెక్కిన. నడిరోడ్డు పొంటి నడుసుకుంట పోయిన. ఆటోలు ఆపి ఫోన్లల ఫొటోలు తీసిన్రు. ఏందవ్వా అంటె, మా సారు కోడి, గోడ దుంకింది, పట్టుకొస్తున్న అని అందరికి చెప్పుకుంట పోయిన. చెయ్యి పడిపోయింది గని కిందికి దించలే.

మేనేజర్ గేటు కాడ్నే ఉన్నడు. పుంజును ముంగట నిలవెట్టిన. సూసిండు. ఏమన్నడనుకున్నవ్? దాసిపెట్టి, భయమై తెచ్చినవ్ అన్నడు. ఇంకొకటి గుడ ఎత్తుకపోయినవా అన్నడు. దేవుడా, ఐదు దినాల కష్టం ఒక్క మాటల బూడిద చేసిండు. యాదమ్మ అడ్డమొచ్చింది, గొర్లాయన వచ్చి సాక్ష్యం చెప్పిండు. తెల్లారి సారు వచ్చిండు, మంచాయనే, దొరికింది గద అవ్వా, ఇగ మర్చిపో, పని చేసుకో అన్నడు. పుంజు బక్కగైంది, జర బలవనియ్యి, ఇప్పుడే కొయ్యొద్దు అన్నడు.

మర్చిపొమ్మని మీరెట్ల చెప్తరు సారు అన్న. దొంగన్నది గీ అందరి ముంగట. కాదన్నది గుడ గీ అందరి ముంగటనే అనాలె. మేనేజర్ నల్లద్దాలు తియ్యకనే అటు మల్లిండు. నేను దొడ్డి తాళంచెవి సారు శేతుల పెట్టి ఎల్లొచ్చిన. ఈస్టర్ నాడు చర్చిల ముంగటి చాప మీదనే కూసున్న. సూసేటోల్లను సూడనిచ్చిన.

మొన్న, నువ్వు వచ్చే ముందటి వారం, నల్ల కాడ నీళ్లు పట్టుకుంటున్నం, ఆడోల్లం ఆరేడుగురం. మోటర్ సైకిల్ వచ్చి ఆగింది. మేనేజర్. మొఖం ఇంతైంది. జాలి కొట్టలే గద, గా పుంజు మళ్ల తన్నులు తిని మళ్ల గోడ దుంకిందట. నాలుగు దినాలైందట. సారు ఈని పట్టుకొని, ఎవనికి అమ్మినవ్ అని అడిగిండట. నవ్వలే నేను బిడ్డ, నిజం చెప్తున్న. గా మాట ఎట్లుంటదో నాకెర్క.

అవ్వా, జర వచ్చి పట్టియ్యవా అన్నడు.

పడ్త గని ముందు చెప్పేది చెప్పు అన్న. కిందికి సూసుకుంట నోట్లెనే గొణిగిండు. ఇనవడ్తలేదు కొడుక, ముసల్దాన్ని, చెవులు మందం అన్న. ఆడోల్లు బిందెలు కింద పెట్టిన్రు. నల్ల బంద్ చేసిన్రు.

అద్దాలు తీసిండు. గప్పుడు సూసిన, చిన్నోడు, మస్తు చిన్నోడు.

"అవ్వా, నువ్వు దొంగతనం చెయ్యలే. నేనే తప్పన్న."

"ఆ. ఇప్పుడు ఇనవడ్డది," అన్న.

పనికి మళ్ల రమ్మన్నడు. రాను అన్న. పట్టుడెట్లనో మాత్రం చెప్పిన, దాసుకోలే. నాయినా, పెట్టను గంపల పెట్టుకో, నువ్వే నెత్తి మీద ఎత్తుకో, దొరికినంక ఎనక గేటుకెళ్లి పోకు, నడిరోడ్డు మీదికెళ్లి తీస్కపో, అడిగినోల్లందరికి చెప్పుకుంట పో. లేకుంటె నీ మాట ఎవ్వలు నమ్మరు అన్న. పొయ్యిండు. దొరికిందో లేదో... దొరికే ఉంటది. మోసే కష్టమే గని.

బంద్ చేస్తవా? చెయ్యి. జర ఆగు, నీకొక్క మాట. ఆఫీసుల పని చేస్తున్నవ్, నాలుగొద్దులు పోతె నీ మీద గుడ ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటడు. చెయ్యని తప్పుకు సంతకం పెట్టకు బిడ్డ. నీ చెయ్యి ఎన్నడు వణకకుంట దేవుడు సూడాలె. సల్లగుండు... తిన్నవా ఏమన్న, పొద్దుగాలటికెళ్లి నాతోనే కూసున్నవ్...