ప్రమాణపు నీళ్ళకు ముందు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే కథ కాదిది. మా అయుత్తయ రాజ్యంలో ఉత్తరాది అంతటికీ మహామంత్రి ఓక్యా సుక్. మంత్రులంతా గుడిలో చేరి, రాజుగారి కత్తులు ముంచిన నీళ్ళు పరగడుపునే తాగి, ద్రోహం తలపెట్టబోమని ప్రమాణం చేసే రోజున, తెల్లవారుతూనే ఏటి ఒడ్డున ఆయన ఇంట్లో ముగ్గురు మాట్లాడుకున్నారు. ఆయన, ఆయన భార్య ప్రాంగ్, ఆయన తమ్ముడి కొడుకు ఖోంగ్. వాళ్ళ మాటలే చెబుతాను, నా మాట కలపను.

"పెద్దమ్మా, తలుపు వెయ్యి. పెదనాన్నగారిని వెనక్కి తీసుకొచ్చేశాను."

"వెనక్కేమిట్రా ఖోంగ్? ఇప్పుడేగా పడవెక్కించాను. అక్కడ మంత్రులంతా చేరే వేళ."

"ముందు ఆయన్ని కూర్చోబెట్టు. ఏం లేదు. అంటే, ఉంది. పెదనాన్నగారు అన్నం తిన్నారు."

"ఏం తిన్నారు?"

"అన్నం. అరిటాకు పొట్లంలో కొబ్బరిపాల అన్నం. సగం పొట్లం."

"నీళ్ళు తాగకముందా?"

"ముందే."

"నిన్న సాయంత్రం నుంచి ఈ ఇంట్లో పొయ్యి వెలగలేదు కదరా. అన్నం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నాదే. మా ఆవిడ కట్టిచ్చింది. నీళ్ళు తాగాక ఆయనకి కళ్ళు తిరుగుతాయేమో, వెంటనే పెడదామని పక్కన పెట్టుకున్నాను. తాడు విప్పుదామని అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి నోటినిండా ఉంది."

"ఏమండీ. ఇటు చూడండి. తిన్నారా?"

"కొబ్బరి కాస్త తక్కువైంది."

"ఇవాళ ఏం రోజో పొద్దున్న మూడుసార్లు చెప్పానా లేదా?"

"చెప్పావు. పడవ పందేల రోజు."

"విన్నావా పెద్దమ్మా. ఈయన్ని గుడికి ఎలా తీసుకెళ్ళను?"

"మెతుకు గొంతు దిగాక ఆ నీళ్ళు తాగితే ద్రోహం. వెళ్ళకపోతే అదీ ద్రోహమే. ఎటు తిప్పినా ఈయన మెడ తెగుతుంది. నా ఇద్దరు కూతుళ్ళూ, వాళ్ళ పిల్లలూ రాజుగారి ఏనుగులకి గడ్డి కోస్తూ బతకాలి. ఎవరైనా చూశారా?"

"తెడ్లవాళ్ళు మనవాళ్ళే. చుక్కాని పట్టేవాడే..."

"ఆ బుగ్గన మచ్చ ఉన్నవాడా? మన మీద కన్నేసి ఉంచమని వాణ్ణి పంపింది నగరమంత్రి కాదూ?"

"వాడే. పడవ వెనక్కి తిప్పాక, మళ్ళీ మన రేవుకి ఆనకముందే దూకి పరిగెత్తాడు."

"ఏం చూశాడు?"

"మూతిమీద మెతుకులు చూశాడు. పొట్లం నా చేతిలో చూశాడు, అప్పటికి లాక్కున్నాను కదా."

"నీ చేతిలో."

"అవును."

"ఈయన తీసి తినడం చూశాడా?"

"లేదనుకుంటా. వాడు వెనకాల ఉన్నాడు, ఈయన వీపు అటుంది. ఎందుకు పెద్దమ్మా?"

"ఊరికే. కూర్చో, చెమటలు పట్టేశాయి నీకు. ఈయన పదవీ, ఆ సింహముద్రా నీకిస్తున్నారని ఆడవాళ్ళు అనుకుంటున్నారు, నిజమేనా?"

"వానలు పడేలోపు ఇస్తామన్నారు. ఈయనకి ఏదీ గుర్తుండట్లేదని రాజుగారే అన్నారు. మొదట ఈయనకే వచ్చి చెప్పాను, 'నువ్వెవరబ్బాయివి' అని అడిగారు. నాకు ఆశ లేదు పెద్దమ్మా. ఈయన ఉన్నన్నాళ్ళూ ఈయన పేరు మీదే పనిచేస్తానని మనవి చేసుకున్నాను."

"మంచివాడివి. మీ అమ్మ పోయాక నా పాలు తాగి పెరిగావు, మంచివాడివి కాకుండా ఎలా ఉంటావు. ఒకటి చెప్పు, చట్టాలన్నీ చదివావుగా. మతి లేనివాడికి ఎవరైనా తినిపిస్తే తప్పెవరిది?"

"తినిపించినవాడిదే. తనంతట తింటే మాత్రం మతి లేకపోయినా తప్పు వాడిదే. తినిపించారని తేలితే, మతి లేనివాడికి బ్రాహ్మలు నీళ్ళు ఇంటికే తెస్తారు."

"తినిపించినవాడికి?"

"కత్తి. వాడి ఇంటివాళ్ళకి గడ్డికోత."

"మీ ఆవిడకి ఎన్నో నెల?"

"ఏడు. ఇప్పుడు అదెందుకు?"

"అడగకూడదా? ఎవరో వస్తున్నట్టున్నారు. తలుపు నువ్వే తియ్యి, ఖోంగ్."

"నగరమంత్రిగారి మనుషులం అమ్మగారూ. మహామంత్రిగారి మూతిమీద మెతుకులున్నాయని కబురొచ్చింది."

"నిజమే నాయనా, దాచను. ఈయనకి ఇవాళ ఏం రోజో తెలీదు. అడిగి చూడు."

"మహామంత్రిగారూ, ఇవాళ ఏం రోజండీ?"

"పడవ పందేలు. మావాళ్ళు గెలిచారా?"

"మరి అన్నం ఎవరు పెట్టారమ్మా?"

"ఇదుగో, వీడు. మా మరిది కొడుకు. రేవు మెట్ల మీంచి చూశాను."

"పెద్దమ్మా, ఏమంటున్నావు?"

"సింహముద్ర మీద కన్ను పడింది వీడికి. మా పొయ్యిలో చెయ్యి పెట్టి చూడు నాయనా, బూడిద చల్లగా ఉంది. పొట్లం ఎవరిదో వాణ్ణే అడుగు."

"పొట్లం నీదేనా?"

"నాదే, కానీ..."

"నీ చేతిలోనే ఉందా?"

"లాక్కున్నాను. తింటుంటే లాక్కున్నాను. పెదనాన్నగారూ, మీరైనా చెప్పండి. మీ చేత్తో మీరే కదా తిన్నారు?"

"మహామంత్రిగారూ, అన్నం ఎవరు పెట్టారండీ?"

"ఈ అబ్బాయే. ముద్దలు చేసి పెట్టాడు. వద్దంటే వినలేదు. ఎవరి పిల్లాడో, ఓపిక ఎక్కువ."

"కట్టండి వీణ్ణి."

"పెద్దమ్మా, మా ఆవిడకి ఏడో నెల. పెద్దమ్మా, నా మొహం చూసి చెప్పు."

"తీసుకెళ్ళండి నాయనా, ఈయన బెదిరిపోతున్నారు."

"వెళ్ళారా?"

"వెళ్ళారు. మీరు పడుకోండి."

"ఏడుస్తున్నావెందుకు?"

"ఏం లేదు. మీకు చెప్పినా తెలీదు. మీరు, ఆడపిల్లలు ఒకవైపు, వాడొకవైపు. నా రొమ్ము తాగినవాణ్ణి నా నోటితోనే... పడుకోండి."

"గడియ పెట్టు, ప్రాంగ్."

"ఏమన్నారు? మీరు నన్ను పేరు పెట్టి పిలిచి రెండేళ్ళయింది."

"మతి పోయినవాడి ముందు అందరూ అన్నీ మాట్లాడతారు. రెండేళ్ళు సుఖంగా విన్నాను. ముద్రే తీసుకెళ్ళి వాడి చేతిలో పెడతారని మాత్రం అనుకోలేదు. ఇక వాడు లేడు, ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. ముద్ర నా దగ్గరే ఉంటుంది."

"అయితే ఆ పొట్లం..."

"నేనే విప్పాను. చుక్కానివాడు చూసేదాకా మూతి తుడుచుకోలేదు."

"నేను వాడి పేరు చెప్పకపోతే? నిజమే చెప్పి ఉంటే? మీ మెడ తెగేది."

"నలభై ఏళ్ళు కాపురం చేశాను నీతో. నువ్వేం చెబుతావో తెలుసు కాబట్టే నీకు ముందు చెప్పలేదు. కళ్ళు తుడుచుకో. రేపు విచారణకి పిలుస్తారు. మెట్ల మీంచి చూశానన్నావు, ఆ మాట బాగుంది. బాగా గుర్తుపెట్టుకో ప్రాంగ్, అడిగినవాళ్ళందరికీ అలాగే చెప్పు."