మబ్బులు మేసే గుర్రం

ఆ పొద్దున వెంకటరాజుగారి అరుగు మీద తగువంతా ఆయన ఆకుమడి గురించి. ఊడ్పులకని పోయించుకున్న వరి ఆకునారు ఒక మూలంతా గుర్రం మేసిపోయింది. ఆ గుర్రాన్ని పట్టుకొచ్చి బండిచక్రానికి కట్టేశారు.

దాని వెంట ఉండేవాడు సింహాద్రి. కాలవ తవ్వకాలకి విశాఖపట్నం అవతల నుంచి వచ్చిన కూలీల్లో ఒకడు. పనయ్యాక తక్కినవాళ్ళంతా తమ ఊళ్ళకి పోయారు, ఇతను మాత్రం లాకుల దగ్గర పాకలో ఉండిపోయాడు. ఊళ్ళో అతనికి నా అన్నవాళ్ళు లేరు, ఆ ముసలి గుర్రం తప్ప.

పంట పాడుచేసిన గొడ్డుని బందెలదొడ్డికి తోలడం తలారి చిట్టియ్య పని. అతను చేతికర్రతో సిద్ధంగా నిలబడ్డాడు. మజ్జిగ పోయడానికొచ్చిన బుల్లెమ్మ కుండ దింపుకుని మెట్టు మీద కూర్చుంది.

"ఏంటోయ్ సింహాద్రీ, ఇదేం పని?" అన్నారు రాజుగారు.

"మేయడమాండీ? మా చుక్కా? పచ్చగడ్డి దాని నోటికే ఆనదండీ." సింహాద్రి తలగుడ్డ బిగించుకున్నాడు. "మొదటినుంచీ చెబుతాను, వినండి. కాలవ తవ్వేటప్పుడు ఇది దొరగారి గుర్రం. ఒకనాడు రేగడి బురదలో పొట్టదాకా దిగబడిపోయింది. తాళ్ళేసి లాగారు, గడకర్రలేసి ఎత్తారు, కదల్లేదు. దొర వదిలేసి పొమ్మన్నాడు. నేను దగ్గరికెళ్ళి చెవిలో 'లేమ్మా' అని, పొట్టకింద ఒక్క చెయ్యి పెట్టానంతే, ముల్లంగి దుంపలా ఊడొచ్చింది. దాంతోపాటు కిందున్న మట్టీ ఊడొచ్చింది. ఆ గోతిలో నీళ్ళూరాయి చూశారూ, అదేనండీ ఇప్పుడు లాకుల దగ్గరున్న మడుగు."

"ఆ మడుగు మా నాయన నాటికే ఉందోయ్" అన్నాడు చిట్టియ్య.

"అప్పుడున్నది ఉత్త గుంటండీ. లోతు నాది. సరే, దొర దాన్ని అక్కడే వదిలేసి పోయాడు, అది నా వెనకాల వచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? ఆ యేడు గోదారి పొంగినప్పుడు నేను అవతలి గట్టున చిక్కుకుపోయాను. పడవల్లేవు, పిలిస్తే పలికేవాడు లేడు. ఊరికే 'చుక్కా' అనుకున్నాను, అనడం కూడా కాదండీ, అనుకోవడమే. నోట్లోమాట నోట్లో ఉండగానే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక్క దూకు! నడుమ లంకల్లో కాలైనా మోపలేదు. దాని నీడ పడి, పొద్దుగూకిందనుకుని నీళ్ళల్లో చేపలు నిద్రపోయాయి. నన్ను వీపునేసుకుని వెనక్కి దూకితే, ఊపెక్కువై ఇక్కడ ఆగలేకపోయాం, కోరుకొండ మీద దిగాం. గుళ్ళో పూజారిగారు నాకొక ఉద్ధరిణె తీర్థం పోశారు, దానికి రెండు."

"మరి రెక్కలేవోయ్?" అన్నారు రాజుగారు, మీసాల్లోనే నవ్వుకుంటూ.

"ఉన్నాయండీ. ఆత్రేయపురం పూతరేకుల్లా పల్చన. ఎండ వాటిలోంచి ఇవతలకొచ్చేస్తుంది, అందుకని మనబోటివాళ్ళ కంటికి ఆనవు. ఆ రెక్కలతోనే కదండీ కాకినాడ వెళ్ళింది! అక్కడ ఓడ ఇసకలో కూరుకుపోతే దీని తోకకి కట్టాను. ఓడనైతే లాగింది, ఆ లాగుడికి సముద్రం కూడా కాస్త వెనక్కి జరిగింది. కావాలంటే వెళ్ళి చూడండి, ఇసకమేట ఇంకా అక్కడే ఉంది. ఇంత పనిచేసే గుర్రం ఏం తింటుందని అడగరేం?"

"అడగడానికేముంది, రాజుగారి ఆకు" అన్నాడు చిట్టియ్య.

"మబ్బులండీ! తెల్లారగట్ల మెడ చాపి ఆకాశంలోకి నోరు పెడుతుంది."

"అందుకేనా కిందటేడు మాకు వాన చినుకు లేదు?" అన్నారు రాజుగారు.

సింహాద్రి తలగుడ్డ సర్దుకున్నాడు. "అబ్బే, మీ చేలమీదవి ముట్టుకోదండీ. పొరుగూళ్ళ మబ్బులు మేసొచ్చి మీ చేలోనే పోస్తుంది."

బుల్లెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అరుగంతా నవ్వింది. ఆ నవ్వు చూసి సింహాద్రి ఇంకాస్త ఎక్కాడు.

"ఇలాంటిదానికి యజమానేంటండీ? ఇంద్రుడి సాలలో పుట్టిన జాతి! ఇది ఎవరి సొత్తూ కాదు. నేను మాత్రం ఎవణ్ణండీ, పక్కన నించునేవాణ్ణి!"

చిట్టియ్య వెళ్ళి చక్రానికున్న ముడి విప్పాడు. "అయితే పని తేలికైపోయిందండీ, రాజుగారూ. మనిషున్న గొడ్డైతే ఆ మనిషితో తేల్చుకోవాలి. ఎవరిదీ కానిది తిన్నగా దొడ్డికే. విడిపించేవాడుండడు కనక ఆ పైన వేలం."

నవ్వు ఆగిపోయింది.

"దొడ్డి గోడ... దానికొక లెక్కాండీ... ఒక్క దూకు..." అన్నాడు సింహాద్రి. మాట తెగిపోయింది. 

చిట్టియ్య తాడు లాగాడు. గుర్రం కదల్లేదు. మెడ చాపి, సింహాద్రి తలగుడ్డ కొస పళ్ళతో పట్టుకుంది.

"ఆగు చిట్టియ్యా" అంది బుల్లెమ్మ. లేచి కొంగు సర్దుకుంది. "ఏం నాయనా సింహాద్రీ, గోదారి దాటావు, కోరుకొండెక్కావు. ఈ గుర్రాన్ని ఎప్పుడైనా ఎక్కావా?"

సింహాద్రి తలగుడ్డ కొస గుర్రం పళ్ళ నుంచి విడిపించుకోబోయాడు.

"రోజూ మజ్జిగకుండతో గట్టు మీదే కదా నా నడక. గడ్డిమోపు నీ నెత్తిన ఉంటుంది, అది చేతులూపుకుంటూ వెనకాల వస్తుంది. వానొస్తే నీ గొంగడి దాని మీద, నువ్వు తడుస్తావు. మొన్న బోదెకాలవ అది దాటలేకపోతే ముందుకాళ్ళు భుజాన వేసుకుని దాటించావు. అది నిన్ను మోయగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు, నువ్వు దాన్ని మోయగా చూడనివాళ్ళు లేరు." రాజుగారి వైపు తిరిగింది. "ఆకు మేసింది ఇదేనండీ, మూతికి పచ్చన ఇంకా పోలేదు. గుర్రం ఇతనిదేనండీ. నేను చెబుతున్నాను."

రాజుగారు గుర్రం మూతి చూసి, సింహాద్రి వైపు తిరిగారు. "నీదేనా?"

"నాదేనండి" అన్నాడు సింహాద్రి. అంత చిన్నమాట అతని నోట ఎవరూ వినలేదు.

"మేసిందా?"

"మేసిందండి."

"తాడు అతనికిచ్చెయ్యి చిట్టియ్యా. సింహాద్రీ, ఊడ్పులయ్యేదాకా మా చేలోకి ఆకుకట్టలు మొయ్యండి, ఇద్దరూ."

సింహాద్రి తాడందుకుని చేతికి చుట్టుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఇద్దరమెందుకండీ, నేను మోస్తాను. దాని మీద బరువేస్తే రెక్కలు నలిగిపోతాయండీ."