కాలని కాళ్లు

ఆగు బావా, ఊపిరి తీసుకోనీ. ఊరంతా నా ఎనకాలే పడితే ఎలా? పసుపునీళ్ల బిందె అట్టుకొని ఒకర్తి, ఏపమండలు అట్టుకొని ఇంకొకర్తి. "తవిటమ్మప్పా, కాళ్లు సాపు, మొక్కుతాం" అంట! నువ్వు పోనాక, నానెదురొస్తే పక్కకి తప్పుకున్నది ఈళ్లే కాదేటి?

తప్పించుకొని ఈ గెడ్డ ఒడ్డుకి, నిన్ను తగలెట్టిన సోటుకి వచ్చీసినాను. ఇంకెవులికి సెప్పుకోను? నీ మడిలో మీ తమ్ముడు ఆ కొత్త ఐఆర్ ఎనిమిది వరి ఏసినాడులే, అది తరవాత సెప్తాను.

ఇయ్యాల పొద్దున్న నాను నిప్పుల గుండం తొక్కినాను బావా. ఔను, నిన్ను మింగిన గుండమే.

కోప్పడకు. ముందు ఇను.

నిరుడు నువ్వెందుకు మొక్కినావు? టీకాలోడొస్తే గాదె ఎనక దాక్కున్నాను కదా, నాకు పెద్దమ్మోరు పోసినాది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు మూసుకుపోనాయి. "దీన్ని బతికించు తల్లీ, నిప్పుల మీద నడుస్తాను" అన్నావు. నాను బతికినాను. నువ్వు నడిసినావు. నీ కాళ్లు బొబ్బలెక్కిపోనాయి.

అంతే! పూజారి ఎర్రన్న అందరి ముందర నన్నే నిలదీసినాడు. మొక్కున్న ఇంట్లో తాలింపు ఎయ్యకూడదు కదా, ఇంట్లో నూనె సిటపటలాడితే గుండంలో నిప్పు లేస్తాది కదా, ఏటి ఏపినావే అని. నానేటి ఏపినాను? ఉప్పేసిన గంజి తప్ప ఏటి కాసినాను? మీ అమ్మ కూడా నాకేసి అదోలా సూసినాది.

అప్పుడు నువ్వు సెప్పినావు. "దాన్నేటనకండి. నడుస్తన్నప్పుడు నా మనసులోనే అనుమానం వచ్చినాది."

నిజమేటి బావా? నన్ను తప్పించడానికన్నావా? మంచం మీద ఎన్నిసార్లడిగినాను! నవ్వీసి గోడకేసి తిరిగిపోనావు. పాతపట్నం ఆస్పత్రికి పోదాం రా అంటే, ఎల్తే తల్లిని నమ్మనట్టు కాదేటే అన్నావు. పసుపూ ఏపాకూ రాసుకొని పడుకున్నావు. కాలు కుళ్లినాది. ఆ కాళ్లనే మళ్లీ ఇక్కడ కాల్సీసినారు.

అందుకే, తెలుసుకుందారని మొక్కుకున్నాను. ఇయ్యాల పొద్దున్నే మూకుడెట్టి ఎండుసేపలు ఏపినాను. కావాలనే! ఇల్లంతా వాసన. తినీసినాను కూడా. ఎర్రన్న సెప్పిన నియమం నిజమైతే కాలిపోవాల. కాలనీ, నీలాగే పోతాను, గొడవొదిలిపోతాది అనుకున్నాను. తడిసీర కట్టుకొని, లోపల తల్లిని తిట్టుకుంటానే ఎల్లి నిలబడినాను.

డప్పులు మోగతన్నాయి. అడుగేసినాను. నా ముందర నువ్వు నడుస్తన్నట్టే ఉన్నాది బావా. నీ ఈపు కనబడినాది, సెమట కూడా కనబడినాది. నిరుడు నువ్వెక్కడ కుంటినావో అక్కడికొచ్చినాను. అప్పుడు...

ఇదే, నోటికి రావట్లేదు.

సచ్చిపోదారని ఎల్లినదాన్ని కదా. నడిమికొచ్చి, "తల్లీ, నన్ను కాపాడు" అనీసినాను. ఆ ఎండుసేపలు తిన్న నోటితోటే! నాకింత ఆశుందేటి బతుకు మీద? నాకే తెలీదు.

కాపాడినాది. సూడు, సిన్న బొబ్బ కూడా నేదు.

తల్లి నేదనుకున్నన్నాళ్లూ నయంగా ఉండీది బావా. నిప్పు కదా, కాల్సినాది, ఎవులి తప్పూ కాదు అనుకునీదాన్ని. ఇప్పుడు ఉన్నాదని తెలిసిపోనాది. తిట్టినదాన్ని ఒక్క మాటకి కాపాడినాది. గంజి తాగి నడిసినోడివి, నిన్నెందుకు కాపాడనేదు? నువ్వు పిలవనేదేటి? నా కోసం అంత మొక్కినోడివి, నీ కోసం ఒక్క మాట అడుక్కోనేదేటి?

సెప్పవు. అప్పుడూ సెప్పనేదు.

రేపు తల్లికి పసుపునీళ్ల ముర్రాట కుండలెత్తుకొని గుడికెల్తారంట, మొగుడు సచ్చినదాన్నే ముందు నడవమన్నారు. నడుస్తాను. నడవక ఏటి సేస్తాను? తల్లి ముందర నిలబడి అడుగుతాను, నా మొగుడు నిన్ను పిలిసినాడా నేదా అని. సెప్పకపోతే వచ్చే ఏడు మళ్లీ గుండం తొక్కి అడుగుతాను. నాకేటి బావా, కాళ్లు బాగానే ఉన్నాయి కదా.