జల్లెడ వదిలేసిన వాక్యం

ఇప్పుడు కూర్చోమంటున్నారా సార్? పొద్దున్నించీ మీ గది బయట బెంచీ మీద కూర్చునే ఉన్నా. చాలు ఆ కూర్చోడం. నిలబడే చెప్తాను. చెప్పేదాకా మాత్రం కదల్ను, మీ ప్యూనొచ్చి రెక్క పట్టుకు లాగినా సరే.

ఆ కాగితం మీద ఏం రాసుకున్నారు? "నర్సు నిర్లక్ష్యం." అబ్బ, ఎంత తేలిగ్గా రాసేశారండీ! విచారణ ఇవాళ మొదలు, తీర్పు నిన్ననే అయిపోయిందన్నమాట!

ఆవిడ నాకేమవుతుందనా? మా ఆడపడుచు. ఆగండాగండి, వెనకేసుకు రావడానికొచ్చాననుకోకండి. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. నా పెళ్లయిన పదకొండేళ్లలో నా వంట బాగుందని ఆవిడ ఒక్కసారి అన్న పాపాన పోలేదు. నేనిక్కడికొచ్చినట్టు కూడా ఆవిడకి తెలీదు. తెలిస్తే గుమ్మంలోనే ఆపేసేది.

అవునండీ, మందు మోతాదు అంకెల మధ్య చుక్క పెట్టడం మర్చిపోయింది. ఒకటిన్నర ఎక్కించాల్సింది పదిహేను నొక్కింది. కాదని నేనన్నానా? పదహారు మంచాలకి ఒక్క మనిషి. మీరైతే మర్చిపోరా? మనుషులు మర్చిపోతారనే కదండీ ఆ మందెక్కించే మిషన్‌లో హెచ్చరిక పెట్టింది!

హెచ్చరిక వచ్చింది కూడా. "ఇది ఇవ్వాల్సినదానికి పది రెట్లు. ఇలాగే ఎక్కించమంటారా?" అని. ఏ భాషలో వచ్చింది? అదడగరేం? తెర మీద తక్కినవన్నీ మన భాషలో ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం పరాయి భాషలో. దాని కింద "సరే", "వద్దు" అని రెండు బటన్లు, అవి మళ్లీ శుభ్రంగా మన భాషలో!

పక్క మంచం ఆయన కేకలేస్తున్నాడు. ఈవిడ "సరే" నొక్కింది. రోజుకి వందసార్లు నొక్కే బటనే అది. ఆ మందెక్కింది ఒక రిటైరైన మేష్టారికి, పాపం ఆయన రెండ్రోజులు కళ్లు తెరవలేదు. బతికి బయటపడ్డారు కాబట్టి మనమిలా మాటలనుకుంటున్నాం.

ఏంటీ? నర్సన్నాక ఆమాత్రం పరాయి భాష రావద్దా అంటారా? భలేవారే! రానక్కర్లేదనే కదండీ మీ ఆస్పత్రి మా మిషన్లు కొన్నది! మొత్తం మన భాషలోనే ఉంటుందని మావాళ్లు చెప్పారు, మీరు సంతకం పెట్టారు.

ఆఁ, మావాళ్లే. నేను పనిచేసేది ఆ కంపెనీలోనే. అందుకేగా వచ్చింది.

చెప్తా వినండి, పెద్ద విద్యేం కాదు. మిషన్ నడిపే ప్రోగ్రాం వేల ఫైళ్లుంటుంది. అందులో మనుషులు చదవాల్సిన వాక్యాలు ఎక్కడెక్కడో దాక్కుని ఉంటాయి. వాటిని ఏరడానికో చిన్న పనిముట్టు ఉంది. దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర మీద ఒక్క లైను టైపు చేసి ఎంటర్ కొడితే, ఫోల్డర్లన్నీ గాలించి వాక్యాలన్నీ ఒక్కచోట పోసిపెడుతుంది. మేం దాన్ని జల్లెడ అంటాం. అది పోసినవాటిని అనువాదం చేసేవాళ్లు మన భాషలోకి మారుస్తారు. అది చూడని వాక్యం వాళ్ల కంటపడదు. ఎలా పుట్టిందో అలాగే వెళ్లి మిషన్‌లో కూర్చుంటుంది.

ఈ హెచ్చరిక అలాగే కూర్చుంది.

ఎందుకు చూడలేదనా? ఫలానా ఫోల్డర్ల జోలికి వెళ్లొద్దని జల్లెడకి ఒక జాబితా ఇస్తాం. ఆ జాబితాలో ఒక ఫోల్డరుంది. అప్పట్లో అందులో ఉన్నవి ఉత్త ప్రయోగాల చెత్త, ఎవరూ చదవనివి. తర్వాత ప్రోగ్రాం రాసే కుర్రాడెవరో కొత్త హెచ్చరికలు తెచ్చి అందులోనే పెట్టాడు. వాడికేం తెలుసు, అది తాళం వేసిన గదని!

ఆ జాబితా ఎవరు రాశారా? వస్తున్నా. తొందరెందుకు? మా ఆడపడుచు విషయంలో లేని ఆరా నా దగ్గరకొచ్చేసరికి పుట్టుకొచ్చిందే!

నిన్న మా మేనేజరు పిలిచి నెమ్మదిగా అన్నాడు: "చుక్క మర్చిపోయింది ఆవిడ. మనకెందుకు? నువ్వు నోరు మెదపకు." మెదపకపోతే ఏమవుతుంది? ఆవిడ ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది. ఇరవై రెండేళ్లు జ్వరాలూ గాయాలూ చూసిన మనిషి రేపట్నించి ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంది. నాతో ఉప్పూ నిప్పూ అయితే మాత్రం, అది అన్యాయం కాకుండా పోతుందా? మెదుపుతాను పొమ్మన్నా.

ఇదిగోండి, అచ్చు తీసి తెచ్చాను. జల్లెడలో ఎవరు ఏ రోజు ఏం మార్చారో దానంతటదే రాసిపెట్టుకుంటుంది. ఆ ఫోల్డరు వదిలెయ్యమని రాసినరోజు ఇది. పక్కనున్న పేరు చదవండి.

నేనేనండి. ఆ జల్లెడ రాసిందీ నేనే.

అక్కడితో అయిపోతే పొరపాటనేవాళ్లం. ఆ కింది లైను కూడా చూడండి. పని అయిపోయాక ప్రతిసారీ జల్లెడ చివర్లో ఒక ముక్క చెప్పేది: "ఒక ఫోల్డరు చూడలేదు" అని. రోజూ అదే మాట! చిరాకేసేది. ఒకరోజు ఆ లైను రాకుండా నేనే తీసేశాను. అదుండి ఉంటే, హెచ్చరికలు అందులోకెళ్లాక ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

మా ఆడపడుచు మర్చిపోయింది సార్. నేను మర్చిపోలేదు. గుర్తుచేస్తున్నదాని నోరు నొక్కేశాను.

పెన్ను ఆగిపోయిందేం? రాయండి. ఆ "నర్సు" కొట్టేసి నా పేరు రాయండి. అక్షరాలు తప్పు పోకుండా చూసుకోండి.

పోన్లెండి. ఇన్నాళ్లూ నాతో మాట్లాడకుండా ఉండటానికి ఆవిడ ఏదో ఒక వంక వెతుక్కునేది. ఇక ఆ శ్రమ తప్పింది.