ఇంకా కాలేదయ్యా

ఎవరితోనే ఫోను? చాటుగా ఏం వినలేదులే, నువ్వు మాట్లాడితే వీధి చివరిదాకా వినపడుతుంది. 'సర్లే, క్షమించేశాను, వదిలెయ్' అన్నావు. అన్నావు బాగానే ఉంది గానీ, ఫోను పెట్టీ పెట్టగానే ఆ పిల్లని తిట్టుకుంటూ గిన్నెలు విసురుతున్నావేం? నవ్వకు. ఇలా కూర్చో, ఆ బఠాణీలు ఒలుస్తూ విందువుగాని. మా పెద్దన్నయ్య ఉంటే నీకూ ఆయనకీ క్షణం పడేది కాదు. దర్జీ పని చేసేవాడు. మీ అమ్మ పుట్టకముందే పోయాడు, నీకేం తెలుస్తుంది.

దర్జీలంటే తెలుసుగా, రేపు రండి అంటారు. రేపు వెళ్తే, ఇదిగో గుండీలే మిగిలాయి అంటారు. ఆ గుడ్డ ఇంకా కత్తెర మొహం చూసి ఉండదు. మా అన్నయ్యకి ఆ విద్య అబ్బలేదు. 'ఇంకా కాలేదండీ, అసలు ముట్టుకోలేదు' అని మొహం మీదే చెప్పేవాడు. పెళ్లివాళ్లకైనా అంతే. సగంమంది ఎదురుకొట్టుకి పోయేవాళ్లు, అక్కడైతే తియ్యగా అబద్ధం చెప్తాడని. వదిన నెత్తి బాదుకునేది, 'పుట్టగానే ఆ నాలిక మీద కాస్త తేనె రాయలేకపోయిందా మీ అమ్మ' అని. ఏదో చెప్తూ ఎక్కడికో పోతున్నాను.

వాళ్లకి ఒక్కతే కూతురు. కొట్టు ముందే ఆడుకునేది. ఆ వీధికి బ్రెడ్డు వ్యాను వచ్చేది. దాన్ని నడిపేవాణ్ణి అందరం బ్రెడ్డాయన అనేవాళ్లం. మా చర్చివాడే, పాటల బృందంలో పాడేవాడు, ఏం గొంతనుకున్నావు. ఓ పొద్దున వ్యాను వెనక్కి తీస్తున్నాడు. చిన్నదాని చేతిలోంచి దారపు ఉండ జారి చక్రాల వైపు దొర్లింది. పిల్ల దానికోసం వంగింది. అతనికి కనపడలేదు. అంతకంటే చెప్పలేనమ్మా, ఇన్నేళ్లయినా. తాగి లేడు, తొందరలో లేడు. ఓసారి దిగి వెనక చూసుకోలేదు, అదే.

తర్వాత ఆదివారం చర్చిలో అందరి ముందూ మోకాళ్ల మీద పడ్డాడు. 'క్షమించామని చెప్పండి, అతని ప్రాణం నిలబెట్టండి' అన్నారు పాస్టరుగారు. వదిన ఏడుస్తూనే అంది. మేమందరం అన్నాం. అన్నయ్య లేచి, కొట్లో చెప్పినట్టే, 'నాకింకా కాలేదండీ' అన్నాడు. 'ముందు నోటితో అనండి, మనసు మెల్లిగా దారికొస్తుంది' అని పాస్టరుగారు నచ్చజెప్పబోయారు, మంచాయనే పాపం. అన్నయ్య వింటేగా. ఆనాటినుంచి, ప్రభువు ప్రార్థనలో 'మేం ఇతరుల్ని క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు' అని వచ్చే చోట నోరు మూసుకునేవాడు. అది దాటాక మళ్లీ అందరితో కలిసేవాడు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుండేది. ఇంత రాతిగుండె మనిషి మళ్లీ చర్చికెందుకు అని పెద్దలు గొణిగేవారు.

మరి క్షమించిన వాళ్లం ఏం చేశామో తెలుసా? పాటల బృందంలోంచి 'కొన్నాళ్లు ఆగు బాబూ' అని అతన్ని తప్పించారు. అతను కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. వదిన ఆ వ్యాను హారను వింటే చాలు, తలుపు గడియ వేసుకునేది. ఆవిణ్ణి నేనేమీ అనను, కడుపుకోత. ఆ బల్ల మీద అతని పక్కన వెళ్లి కూర్చున్నది ఎవరనుకున్నావు? మా అన్నయ్యే. ఊరికే కూర్చునేవాడు. శనివారం పూట బ్రెడ్డాయన కొట్టు గుమ్మంలోకొచ్చి నిలబడేవాడు. అయిందా అని అడిగేవాడు కాదు. అన్నయ్య మిషను ఆపి తలెత్తి, 'ఇంకా కాలేదయ్యా. కూర్చో' అనేవాడు. అతను కూర్చునేవాడు. నేను ఉండబట్టలేక ఓసారి అడిగాను, ఎందుకయ్యా వచ్చి మరీ అనిపించుకుంటావు అని. 'అందరూ ఇచ్చేశారమ్మా, నాకేం అందలేదు. ఈయన ఒక్కడే ఇంకా నా పని మీద ఉన్నాడు' అన్నాడు.

అలా ఏళ్లు గడిచాయి. అన్నయ్యకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆఖరి రోజున బ్రెడ్డాయన వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు, జుట్టంతా నెరిసిపోయి. పాస్టరుగారు ఉన్నారు, వదిన ఉంది. నేనే వంగి చెవిలో అన్నాను, 'ఆ ఒక్కమాట అనెయ్యి అన్నయ్యా. అబద్ధమైనా దేవుడేమీ అనుకోడు' అని. అన్నయ్య ఆయాసపడుతూ, 'దేవుడి సంగతి కాదే. ఆ మాటని బతికినన్నాళ్లూ తొడుక్కోవాల్సింది అతను. కుట్టు నిలవకపోతే?' అన్నాడు. తనే బ్రెడ్డాయన చెయ్యి పట్టుకుని చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. నేను అనేస్తాడనే అనుకున్నాను. 'ఇంకా కాలేదయ్యా' అన్నాడు. కళ్లనిండా నీళ్లు. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. పోయాక మేమే వేళ్లు విడదీశాం.

నాకు ఇప్పటికీ కోపమే. పోయేముందు ఒక్కమాట, ఏం అరిగిపోయేది? మళ్లీ నేనే అనుకుంటాను, అంత నొప్పిలోనూ ఆ మాట కోసం లోపలంతా వెతుక్కున్నాడే, అలా నాకోసం ఎవరు వెతుకుతారు అని.

సమాధుల దగ్గర్నుంచి అందరం వెనక్కి వస్తుంటే బ్రెడ్డాయన నా పక్కకొచ్చి నడిచాడు. కాసేపటికి, 'అమ్మా, ఇక శనివారం నేనెక్కడికి వెళ్లను?' అన్నాడు.

...

ఒలిచావా? ఇటివ్వు. ఆ కిటికీ వెయ్యవే, జల్లు లోపలికి కొడుతోంది.