గాలాడని ట్యాంకు

ఒట్టు తల్లీ, ఒట్టంటే ఒట్టు. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత కల్పన ఉన్నా మీ నానమ్మ నాలుక ఊడి ఈ వంటింటి గట్టు మీద పడిపోవాలి. ఏమిటా చూపు? ఊడిపడితే లోకం సుఖపడుతుందనేగా?

ఆ టీ గ్లాసుల పళ్లెం అక్కడ పెట్టు. ముందుగదిలో ఎవరూ దాహంతో ప్రాణాలు వదలటం లేదులే. నీ మెకానిక్కూ, వాడి అక్కగారూ కుర్చీల్లో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మీ నాన్న స్టూలు మీద. సొంత ఇంట్లో స్టూలు మీద, చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగా! నువ్వు "సరే" అనడమే తరువాయి. అనగానే నువ్వు వాడింటికి, మీ నాన్న రేవులో నడిపే పడవ వాడి చేతికి, మీ నాన్న మూలకి. అంతేగా ఒప్పందం?

అందుకే, ఆ మాట అనకముందు ఇది విను.

అవునే, మొసలి కథ అబద్ధమే. నేను దాని వీపు మీద కూర్చుని ఏరు దాటలేదు. తోక పట్టుకుని దాటాను. సరే సరే, మొసలే లేదు, అది దుంగ. ఒప్పుకున్నానుగా! ఇది మాత్రం దుంగ కాదు.

పడవ ఇంజనుకి జబ్బు ఎప్పుడు పట్టుకుంది? వాడి అక్కగారు మొదటిసారి మన పడవ ఎక్కిన రోజు. అబ్బో, ఆ ముక్కు! ముందు ముక్కు రేవులో దిగింది, మనిషి ఆ వెనకాల కాసేపటికి దిగింది. "పెట్రోలు కంపు, కడుపులో తిప్పుతోంది" అని రుమాలు అడ్డం పెట్టుకుంది. నువ్వేం చేశావు? కాబోయే ఆడపడుచుగారి కడుపు చల్లగా ఉండాలని పరుగెత్తుకెళ్లి కొత్త ట్యాంకు మూత బిగించావు. మూత మీద బొత్తాం లాంటి బుల్లి స్క్రూ కనిపిస్తే దాన్నీ బిగించావు. నాలుక కరుచుకుని మరీ బిగించావు, నేను చూశాగా!

తప్పు నీదని ఎవరన్నారు? కళ్లు తుడుచుకో, టీలో పడతాయి.

ఆ స్క్రూ సందులోంచే ట్యాంకు ఊపిరి పీలుస్తుందని మనింట్లో ఎవరికి తెలుసు? మీ నాన్న ఇన్నేళ్లూ వాడిన పాత ట్యాంకుకి మూతంటే ఒక గుడ్డపీలిక. దాంట్లోకి గాలీ పోయేది, ఈగలూ పోయేవి, ఓసారి కప్ప కూడా కాపురం పెట్టింది. సరే, కప్ప సంగతి వదిలెయ్యి. కొత్త ట్యాంకు అమ్మినవాడే స్క్రూ వదులు చేసి ఇచ్చాడు, మీ నాన్న అలాగే వాడుకున్నాడు. నువ్వు బిగించావు. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి ఎలా వస్తుంది? సీసా నోట్లో పెట్టుకుని ఊపిరి వదలకుండా పీల్చి చూడు, తెలుస్తుంది.

ఇక ఆ ఇంజను తిప్పలు! రేవులోంచి కొత్త పెళ్లికొడుకులా బయల్దేరేది. నడి ఏట్లోకి పోగానే దగ్గు. ఆ తరవాత ఠప్! ఢాం! ఆ పేలుడికి అవతలి ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు రెండో కాలు కూడా ఎత్తేశాయి. ఆ మీదట బలం లేదు, వేగం లేదు, పడవ తాబేలుకి దారిచ్చేది. కాసేపు ఆపితే మళ్లీ బతికేది. మళ్లీ చచ్చేది.

మీ నాన్న ఏం చెయ్యలేదు? ప్లగ్గులు మార్చాడు. కార్బొరేటరు విప్పి కడిగాడు. పెట్రోలు గుడ్డతో వడకట్టాడు. పైపు నోట్లో పెట్టుకుని ఊది ఊది, అన్నం తింటున్నా పెట్రోలు వాసనే. జనం మన పడవని చూసి వంతెన మీదుగా చుట్టు తిరిగి నడిచిపోయారు.

అప్పుడు వచ్చాడు నీ వీరుడు.

మీ నాన్న ఏదో పాత గుడ్డ తెస్తానని ఇంటికి వచ్చాడు. నేను పడవలోనే ఉన్నాను, టార్పాలిను నీడన, నోరు తెరుచుకుని. వాడు నన్ను చూశాడు. నిద్రపోయిందనుకున్నాడో, పోయిందనుకున్నాడో! నేను ఒక కన్ను మూసి ఒక కన్నుతో నిద్రపోతానని వాడికేం తెలుసు?

ట్యాంకు వైపు చూశాడు. అది డొక్కలు పీక్కుపోయి ఉంది, అచ్చం నా బుగ్గల్లాగే. వాడు నవ్వాడు. వంగి, రెండు వేళ్లతో ఆ స్క్రూ తిప్పాడు. అంతే, హుస్సుమని గాలి లోపలికి దూరింది. ట్యాంకు పొట్ట బుడుంగున పైకి లేచింది. ఇంజను తిప్పాడు. కుట్టుమిషనే, తల్లీ! ఒక్క దగ్గు లేదు.

మనిషనేవాడైతే ఏం చేస్తాడు? "మామయ్యా, ఇంతేనండీ, ఇదిగో చూడండి" అని పిలుస్తాడు. అవునా, కాదా?

వాడు ఇంజను ఆపేశాడు. అటూ ఇటూ చూశాడు. బోల్టులన్నీ విప్పి గోనె మీద ఆరబోశాడు. ఆ తరవాత గ్రీజు డబ్బా మూత తీసి, వేలు ముంచి, మొహానికి పూసుకున్నాడే! ఇక్కడ కొంచెం, ఇక్కడ కొంచెం. నువ్వు కాటుక పెట్టుకునేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూపించవు.

మీ నాన్న వచ్చేసరికి వాడు రొప్పుతున్నాడు. రేవులో జనమంతా వినేట్టు ఏమన్నాడో నువ్వూ విన్నావుగా. "లోపల టైమింగు మొత్తం నాశనమైంది మామయ్యా. తెలియని చెయ్యి పడితే ఇంజను గతి ఇంతే. నేను గనక బతికించాను. ఇకమీదట మీరు దీన్ని ముట్టుకోకండి."

మీ నాన్న ఏం చేశాడో చూశావా? రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. దొంగతనం చేసి దొరికిన పిల్లాడిలా. ఆ చేతులతోనే నీకు ఈత నేర్పాడు.

అప్పటినుంచీ పడవని ముట్టుకోలేదు. నేను చెప్పాను మీ నాన్నకి, చెప్పకుండా ఎలా ఉంటాను? "నీకో దణ్ణమమ్మా, నన్ను ఓదార్చడానికి కథలల్లకు" అన్నాడు. నిజం చెప్పిన పాపానికి!

ఏమిటీ? నాకు వాడంటే గిట్టక చెబుతున్నానా? గిట్టదు. వాడి నడక గిట్టదు, వాడి నవ్వు గిట్టదు, వాడు మన గుమ్మంలో చెప్పులు విప్పే తీరు గిట్టదు. గిట్టకపోతే కళ్లు కనిపించడం మానేస్తాయా?

నేను అబద్ధాలకోరునే. అందుకే ఇంకో అబద్ధాలకోరుని ఇట్టే పట్టేస్తాను. కాకపోతే నా అబద్ధానికి నలుగురు నవ్వుకుంటారు. వాడి అబద్ధానికి నా కొడుకు చేతులు దాచుకున్నాడు.

నమ్మవు. నమ్మవని తెలుసు. నమ్మొద్దు, చూడు. కాసేపట్లో వాళ్లు అవతలి ఒడ్డుకి పోవాలి. పడవ వాడే నడుపుతాడు, ఇంకొకరిని నడపనివ్వడుగా! సాగనంపే వంకతో నువ్వూ ఎక్కు. జవాబు ఒడ్డు చేరాక చెబుతానను. నడి ఏట్లో ఠప్పుమంటుంది. భయపడకు, ఈ రోజుల్లో నీళ్లు మొలలోతే. మునిగితే పరువే మునుగుతుంది.

అప్పుడు వాడి చేతులు చూడు. మొహం కాదే, చేతులు! పానాలు తీసి టైమింగు వెతికాడనుకో, వాడు వట్టి మొద్దు, మీ నానమ్మ వట్టి అబద్ధాలపుట్ట. నీ పెళ్లికి నేనే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. మొద్దుతో కాపురం చెయ్యొచ్చు, నేను చెయ్యలేదూ మీ తాతతో?

పానా ముట్టుకోకుండా తిన్నగా మూత మీద చెయ్యి వేశాడో...

వేసినా నువ్వు సరే అంటావేమో. ఏం చెప్పగలం! ప్రేమకి కళ్లుండవంటారు, మన వంశంలో బుర్ర కూడా ఉండదు. నాకేం, ఇవాళో రేపో పోయేదాన్ని. కాదులే, నీ మనవళ్లని చూసిగాని పోను.

టీ నేను పట్టుకెళ్తాను, ఇలా ఇయ్యి. నువ్వు పెరటి దారిన రేవుకి పో. ట్యాంకు మీద ఆ స్క్రూ గట్టిగా బిగించి రా, మర్యాదగా, ఆ రోజు బిగించినట్టే. వచ్చేటప్పుడు అరుగు మీద వాడి అక్కగారి గొడుగు ఉంటుంది, అది తెచ్చి నా మంచం కింద పడెయ్యి. నడి ఏట్లో కాస్త ఎండ తగలనీ.