కవలల జన్మదేశం: హాఫియా ఇవానివ్నా గారి సంతకం

1971 సెప్టెంబరు ఒకటవ తేదీన, ఇరవై ఏళ్ల ప్రాయంలో, ఖుస్త్ పట్టణ జనన మరణ వివాహ నమోదు కార్యాలయంలో గుమాస్తాగా అడుగుపెట్టిన శ్రీమతి హాఫియా ఇవానివ్నా గారు, ముప్పయ్యేడు వసంతాల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ముత్యాల వంటి దస్తూరీతో ఆరంభించి, 1983లో పెద్ద గుమాస్తాగా ఉన్నతి పొంది, సోవియట్ రాజ్యం అస్తమించి ఉక్రెయిన్ ఉదయించిన నాటికి, పాత రిజిస్టర్లలో ఏది ఏ బీరువాలో ఉందో ఎరిగిన ఏకైక వ్యక్తిగా వారు ప్రసిద్ధి చెందారు. పెళ్లి నమోదుకు వచ్చిన ప్రతి జంటనూ చూసి కళ్లు తుడుచుకునే అలవాటు మాత్రం ఏ ప్రభుత్వంలోనూ పోలేదు.

వారి ఉద్యోగ జీవితంలో 1997 ఏప్రిల్ చిరస్మరణీయమైనది. పెట్రో, ఒనుఫ్రీ అనే యాభై ఎనిమిదేళ్ల కవల సోదరులు తిరిగొచ్చిన పాస్‌పోర్టు దరఖాస్తులు పట్టుకుని వారి బల్ల ముందుకు వచ్చారు. ఆ సోదరుల అక్క మారిక యుద్ధకాలంలో, ఇప్పుడు స్లొవేకియాలో ఉన్న కొషిత్సె నగరానికి వెళ్లి, నడుమ సరిహద్దు పడడంతో అక్కడే స్థిరపడింది. ఆమె పెళ్లి స్వర్ణోత్సవానికి మూడు వారాలే గడువు. ఒకే తల్లి కడుపున ఒకే రోజు పుట్టిన తమ్ముళ్లు మాత్రం జన్మదేశం అన్న గడిలో చెరొక దేశం రాశారు; దరఖాస్తులు తిరిగొచ్చింది అందుకే.

ఆ రోజు 1939 మార్చి పద్నాలుగు. పెట్రో గారు మధ్యాహ్నం మూడింటికి, చెకొస్లొవేకియా ఏలుబడిలో పుట్టారు. ఒనుఫ్రీ గారు దీపాలు పెట్టాక పుట్టారు; ఆ సరికే మా ప్రాంతం కర్పాత్య ఉక్రెయిన్ అనే కొత్త దేశంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. బాప్తిస్మం నాటికి హంగేరీ సైన్యం వచ్చేసింది గనుక చర్చి పుస్తకంలో ఇద్దరికీ హంగేరీ అని పడింది. ఇద్దరూ ఒకే దేశం రాస్తే పని జరుగుతుందని హాఫియా గారు నచ్చజెప్పబోయారు. పెట్రో గారు తమ్ముణ్ణి సర్దుకోమన్నారు. తమ్ముడు తల అడ్డంగా ఊపారు.

"మా దేశం రెండ్రోజులు కూడా సరిగ్గా బతకలేదమ్మా. అందులో పుట్టినవాళ్లం ఎందరం ఉంటాం? నేనూ కాదంటే అది అసలు లేనట్టే గదా."

"వీడి మొండితనంతో అక్కని చూడకుండానే పోతాను," అన్నారు పెట్రో గారు.

ఆ మాటలు రెండూ హాఫియా గారి గుండెకు తగిలాయి. మూడు రోజులు పాత రిజిస్టర్లు తిరగేసి, ఇద్దరి జనన ధ్రువపత్రాల్లోనూ ఊరు ఖుస్త్ అని రాసి, దేశం గడిని ఖాళీగా వదిలి, ఏ గంటకు ఎవరి ప్రభుత్వం ఉందో వివరిస్తూ లేఖ జతపరిచారు. పాస్‌పోర్టు అధికారి ఫోనులో మండిపడ్డారు.

"ఆ సాయంత్రం ఊరెవరిదో ప్రభుత్వాలే తేల్చుకోలేదండీ. ఆ తగువు వీళ్ల నెత్తిన పెడితే ఎలా? సంతకం నాది, ఏమన్నా ఉంటే నన్నడగండి," అన్నారు హాఫియా గారు.

పాస్‌పోర్టులు వచ్చాయి. వెనుకే హాఫియా గారికి మందలింపు ఉత్తర్వూ వచ్చింది. ఆ వేసవిలో దక్కవలసిన కార్యాలయాధిపతి పదవి రెండేళ్లు వెనక్కి పోయింది. వారు నొచ్చుకున్నారు గాని, పశ్చాత్తాపపడలేదు.

స్వర్ణోత్సవం చూసుకుని తిరిగొచ్చిన సోదరులు అక్క పంపిన అక్రోటు రొట్టెతో, దించిన తలలతో మా కార్యాలయానికి వచ్చారు.

"ఒక చిక్కొచ్చిందమ్మా," అన్నారు పెట్రో గారు. "మొదటిసారి నీళ్లు పోసేటప్పుడు మమ్మల్ని అటూ ఇటూ మార్చేశారంట. ఎవడు ముందు పుట్టాడో మంత్రసానికే తెలీలేదంట. మా అమ్మ ఊరికే పేర్లు పెట్టేసిందని అక్క విందులో అందరి ముందూ చెప్పేసింది."

"ఇప్పుడు ఆ గడిలో ఏం రాయాలి?" అని ఒనుఫ్రీ గారు బెంగగా అడిగారు.

హాఫియా గారు కుర్చీలో కూలబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వారు.

"నేనేం రాయలేదుగా నాయనా. అలాగే ఉండనీండి. ముందు రొట్టె కోయండి."

1999లో కార్యాలయాధిపతి అయిన నాటి నుండి నేటి వరకు, కాగితం లేక కన్నీళ్లతో వచ్చిన వారినెవరినీ వారు వట్టి చేతులతో పంపలేదు. పనిదినాల్లో ఏనాడూ తీరిక చిక్కక చూడలేకపోయిన, ఊరి చెంతనే ఉన్న నార్సిసస్ పూలలోయను, ఇకపై ప్రతి మే నెలలోనూ భర్త మిఖాయిలో గారి చేయి పట్టుకుని, మనవల వెంట పరుగెత్తగల ఆరోగ్యంతో, నిండు నూరేళ్లూ తనివితీరా చూచుదురు గాక!